కాన్పుల బండి మీద నీలి కొంగ

ప్రొద్దుటూరులో నేను గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న కొట్లు కొన్ని ఉన్నాయి. అవన్నీ రేడియం స్టిక్కర్ల కొట్లే. నేను బోర్డులు రాసి బతికినవాణ్ణి. బట్టల అంగళ్లకు, ఎరువుల కొట్లకు, చర్చి గోడలకు, లారీల వెనక తలుపులకు నా చేతి అక్షరాలు ఉండేవి. బడికి పోయింది రెండేళ్లు. మిగిలిన చదువంతా మా అక్క బైబిల్లోంచి, శనక్కాయలు పొట్లం కట్టిచ్చిన కాగితాల్లోంచి నేర్చుకున్నాను. ఒక్క అక్షరానికి కొమ్ము ఎక్కడ తిరగాలో అరగంట నిలబడి చూసేవాణ్ణి. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఇప్పుడు ఊరంతా ఒకే అక్షరం. పెళ్లి పందిట్లోనూ అదే, చావు ఫ్లెక్సీ మీదా అదే. దీన్ని అభివృద్ధి అంటారు. నన్ను పాతకాలం మనిషి అంటారు. అననీ.

అలాంటివాణ్ణి మొన్న ఎండాకాలం మొదట్లో ఒక రేడియం కొట్టు మెట్లెక్కి, చేతిలో చుట్ట చుట్టిన కాగితాలు పట్టుకుని, వరుసలో నిలబడ్డాను. మా అక్క కోసం.

అక్కకు ఎనభై దాటాయి. నాకంటే పదేళ్లు పెద్ద. పెళ్లి చేసుకోలేదు. మా అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్లు, అప్పటినుంచి నన్ను పెంచింది ఆమే. నా భార్య పోయాక మళ్లీ ఆమె పంచకే చేరాను. జమ్మలమడుగులో రెండు గదుల ఇంట్లో ఇద్దరం ముసలివాళ్లం ఉంటున్నాం. ఆమె కూర తిరగమోత వేస్తుంది, నేను ఉప్పు ఎక్కువైందని అంటాను, ఆమె లేచి పొమ్మంటుంది. కాలం అట్లా గడిచిపోతోంది.

అక్కకు కళ్లలో నీటికాసులు. కంటి డాక్టరు చాలాకాలంగా మందులు వేయిస్తున్నాడు. ఈ జబ్బు చుట్టూ ఉన్న చూపును కొద్దికొద్దిగా కొరుక్కుంటూ వస్తుంది. ఇప్పుడు ఆమెకు లోకం ఒక గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది. నా ముఖం చూస్తే చెవులు కనిపించవు. కంచంలో అన్నం చూస్తే పక్కన గ్లాసు కనిపించదు. ఈసారి డాక్టరు ఆ గొట్టం కూడా మూసుకుపోతుందని చెప్పాడు. ఎప్పుడని అడిగితే, వచ్చే చలికాలం దాకా ఉంటే మంచిదే అన్నాడు. నేను డాక్టరు మీద అరిచాను. ఇన్నేళ్లు మందులు పోయించి ఇప్పుడా చెప్పేదని. అక్క నా చొక్కా పట్టి బయటికి లాక్కొచ్చింది.

ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఆమె ఒకే ఒక మాట అడిగింది.

"అబ్బీ, పూర్తిగా మూసుకోకముందే బండినొకసారి సూడాల. అప్పుట్లో ఉన్నెట్ల సూడాల. అంతే, ఇంకేమీ వద్దు."

ఏ బండి అని నేను అడగలేదు. మాకు బండి అంటే ఒకటే.

అది జీపు వెనక తగిలించుకుని లాక్కుపోయే ట్రైలర్. రేకులతో చేసిన చిన్న ఇల్లు. రెండు చక్రాలు, పక్కన తలుపు, తలుపు కింద ఇనుప మెట్టు, లోపల ఒక మంచం, స్టవ్వు, సీసాల అల్మరా. అరవై ఏళ్ల కింద ఒక విదేశీ నర్సమ్మ దాన్ని ఓడలో తెప్పించుకుంది. ఆమె కింద మా అక్క కాన్పుల పని నేర్చుకుంది. నర్సమ్మ తన దేశం వెళ్లిపోయాక బండి అక్క చేతికొచ్చింది. నెలకు ఇరవై రోజులు అక్క అందులోనే ఉండేది. వేంపల్లె, చక్రాయపేట, గండి చుట్టుపక్కల పల్లెలు, ఇటు పులివెందుల దాకా తిరిగేది. ఊరి బయట బండి నిలిపితే ఆ వారం నెలలు నిండిన ఆడవాళ్లందరూ వచ్చి చూపించుకునేవాళ్లు. కాన్పు కష్టమైతే అదే బండిలో పడుకోబెట్టి జమ్మలమడుగు ఆస్పత్రికి తెచ్చేది. జనం దాన్ని కాన్పుల బండి అన్నారు. అందులో పుట్టినవాళ్లు ఈ జిల్లాలో ఎంతమంది ఉన్నారో అక్కకే తెలియదు.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు అక్క నన్ను ఆ బండి కడిగే పనిలో పెట్టింది. పగలు కడగడం, నీళ్లు మోయడం. సాయంత్రం లాంతరు ముందు అక్షరాలు దిద్దడం. ఇంగ్లీషు అక్షరాలు కూడా కూడబలుక్కునే రోజులవి. ఆ ఏడే బండికి కొత్త రంగు వేయించారు. పాత బొమ్మలన్నీ రంగు కిందికి పోయాయి. నర్సమ్మకు ఉత్తరం రాస్తే తన దేశం నుంచి కొత్త స్టిక్కర్ల కట్ట పంపింది. నీలం గీత ఒక చుట్ట, బండి చుట్టూ తిరిగేది. రెక్కలు చాపి ఎగురుతున్న నీలి పక్షులు రెండు, పక్కకు ఒకటి. ఆ దేశంలో దాన్నేమంటారో గానీ మా దగ్గర అందరూ కొంగే అన్నారు. ఒక కొంగ కాగితం వెనక ఎల్ అని ఉంది, ఇంకోదాని వెనక ఆర్ అని ఉంది.

ఎల్ అంటే ఎడమ, ఆర్ అంటే కుడి. ఆ సంగతి నాకు తెలుసు. అక్కకు కూడా తెలియదు, నాకు తెలుసు. అందుకని ఎవరినీ అడగలేదు. బండి ముందుకు వెళ్లి, జీపుకు తగిలించే కొక్కెం దగ్గర నిలబడి, బండికి ఎదురుగా చూస్తూ, నా ఎడమచేతి పక్క ఎల్ కొంగను, నా కుడిచేతి పక్క ఆర్ కొంగను తడిపి అంటించాను. బుడగలు లేకుండా గుడ్డతో నొక్కాను. శానా బాగా వచ్చిందనుకున్నాను.

నాకు ఎదురుగా ఉన్న బండికి నా ఎడమ కుడి అవుతుందని నాకు తోచలేదు. బండిలో కూర్చుని పోయినవాడికైతే తోచేది. నేను ఎప్పుడూ దాని వెనక నడిచినవాణ్ణే.

మరుసటి రోజు జీపు కదిలింది. బండి ముందుకు పోతోంది. రెండు పక్కలా కొంగలు ముక్కులు వెనక్కి పెట్టి, వెనక్కి ఎగురుతున్నాయి. జీపు డ్రైవరు దిగి చూసి రోడ్డు మీద కూలబడి నవ్వాడు. ఆ సాయంత్రానికి నాకు రివర్సు కొంగ అని పేరు పడింది. ఆ స్టిక్కరు ఒకసారి అంటుకుంటే లేవదు, గోకితే చిరుగుతుంది. ఇంకో కట్ట తెప్పించే వీలు లేదు. అక్క పోనీలేరా అంది. అదే ఇంకా కోపం. ఆ బండి ఏ ఊరికి పోతే ఆ ఊరికి నా తప్పు కూడా పోయింది, ఆరడుగుల పొడుగున, నీలం రంగులో.

రెండేళ్లకు నేను ఆ పని మానేసి ప్రొద్దుటూరు వచ్చి బోర్డుల పనిలో చేరాను. ఆ పేరు కూడా ఒక కారణం. చెప్పడానికి సిగ్గు ఏముంది ఇప్పుడు.

బండి తర్వాత చాలాకాలం తిరిగింది. రోడ్లు వచ్చాయి, అంబులెన్సులు వచ్చాయి. అక్క రిటైరైంది. బండిని వేలం వేశారు. పులివెందులకు ఇవతల ఒక రైతు కొని తన చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, పెట్టుకున్నాడు. ఆ రైతు కొడుకే ఇప్పుడు తోట చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి. ఆయన గండి దగ్గర పాపాఘ్ని ఏటి ఇసుకలో ఆ బండి దిగబడిపోయినప్పుడు అందులోనే పుట్టాడు. ఆయన తండ్రి దాన్ని కొన్నది అందుకే.

ముద్దనూరు మీదుగా బస్సెక్కి నేనొక్కణ్ణే ముందు పోయి చూశాను. బోరు మోటారు పక్కన, చీనీ చెట్ల మధ్య, చక్రాలు మట్టిలో కూరుకుని ఉంది. లోపల డ్రిప్పు పైపులు, మందు బస్తాలు. నీలం గీత ఎండకు పెళుసెక్కి, చేప పొలుసుల్లా రాలిపోయింది. కొంగలు దాదాపు లేవు. అయితే స్టిక్కరు ఉన్న చోట రంగు ఎండకు వెలవలేదు. అందువల్ల కొంగ నీడ మాత్రం రేకు మీద నిలిచి ఉంది. రెక్కలు, మెడ, తోక అన్నీ తెలుస్తున్నాయి. ముక్కు దగ్గర మాత్రం ఏమీ లేదు. రెండు పక్కలా ముక్కు చోట రంగు కూడా పోయి ఒట్టి రేకు బయటపడి ఉంది, ఎవరో పనిగట్టుకుని రుద్దినట్టు.

నేనే రుద్దాను కదా అనుకున్నాను. కడిగే పనిలో ఉన్న రెండేళ్లూ ప్రతి సాయంత్రం ఆ ముక్కుల మీద పసుపు మరకలు ఉండేవి. ఆడవాళ్లు ఎక్కడపడితే అక్కడ చేతులు తుడుస్తారని తిట్టుకుంటూ తడిగుడ్డ పెట్టి రుద్దేవాణ్ణి. పసుపు అంత తేలిగ్గా పోదు.

రైతు ఏమీ అడ్డం చెప్పలేదు. "నేను పుట్టిన ఇల్లు మామా అది. నువ్వు రంగేస్తానంటే నేను వద్దంటానా" అన్నాడు. పైపులు, బస్తాలు తీయించాడు. ఒక్కటి మాత్రం అడిగాడు, వెనక పక్క ఖాళీగా ఉంది కదా, మన నాయకుడి బొమ్మ వేయిద్దామా అని. ఈ జిల్లాలో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, దానికొక ముఖం కావాలి. ఆ వెనక పక్క ఏం రాసి ఉండేదో నీకు తెలుసా అప్పా, అన్నాను. తల్లీ బిడ్డల బండి అని రాసి ఉండేది. ఆ రాత నాది. బొమ్మ వేస్తే నీ తల్లి పేరు మీద వేసినట్టే. ఆయన నవ్వి, సరే మామా, కోప్పడొద్దు అన్నాడు. నేను కోప్పడలేదు. నా గొంతే అంత.

పదకొండు రోజులు తోటలోనే ఉండి తుప్పు గోకాను, రెండు పూతలు మీగడ రంగు వేశాను. పెద్ద బ్రష్షుతో గోడ పూసినట్టు పూయడానికి ఇప్పటికీ చెయ్యి పనికొస్తుంది. గీత గీయడానికి పనికిరాదు. నాలుగేళ్లుగా నా కుడిచెయ్యి వణుకుతోంది. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణుకుతాయి. ఆ చేత్తో నీలి కొంగను గీస్తే అది కొంగో కోడో తెలియదు. అందుకే, రంగు వేయకముందే రేకు మీదున్న కొంగ నీడకు పల్చటి కాగితం ఆనించి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాను. కాగితాలు చుట్ట చుట్టి ప్రొద్దుటూరు బస్సెక్కాను.

ఆ కొట్టు నడిపేది ఒక తురక ఆమె. నలభై లోపు ఉంటుంది. నేను ముందే కోపంగా ఉన్నాను, ఆమె ముందే ఓపిగ్గా ఉంది. కాగితం పరిచి చూసి, "ముక్కు యాడ పోయింది తాతా దీనికి?" అని అడిగింది. కడిగి కడిగి పోయిందన్నాను. నెట్లో మంచి కొంగలు ఉన్నాయి, చూపిస్తా అంది. నాకు నెట్లో కొంగ వద్దు, ఈ కొంగే కావాలన్నాను. ఆమె నన్ను కంప్యూటరు పక్కన కూర్చోబెట్టుకుంది. నేను చెబుతుంటే ముక్కు గీసింది. ఇంకొంచెం పొడుగు అన్నాను. పొడిగించింది. కొన కొంచెం కిందికి వంగాలి అన్నాను. వంచింది. యాభై ఏళ్లు దాటినా ఆ ముక్కు నా కళ్ల ముందు ఉంది. నాకు గుర్తుండకపోవడం అనే జబ్బు లేదు.

నిజం చెప్పాలి. ఆ ముక్కు గీయిస్తున్నప్పుడే నా మనసులో ఒకటి తీర్మానమైపోయింది. ఇన్నేళ్లకు తప్పు దిద్దుకునే వీలు వచ్చింది. ఈసారి కొంగలు ముందుకు ఎగరాలి. అక్క అప్పుట్లో ఉన్నెట్ల అంది. అంటే కొత్తగా, మెరుస్తూ అనే కదా. తప్పుతో సహా అని ఎవరు అడుగుతారు?

ఎటు చూడాల తాతా ముక్కు అని ఆమె అడిగినప్పుడు, రెండు పక్కలా ముందుకే అన్నాను, బల్ల మీద చెయ్యి వేసి. ఆమె ఒక మీట నొక్కింది, కొంగ ఇటునుంచి అటు తిరిగిపోయింది. నా జీవితంలో ఇంత కాలం నన్ను తిన్న తప్పు అక్కడ ఒక్క మీట. కత్తిరించిన కాగితాల వెనక ఆమె పెన్నుతో ఒకదాని మీద డ్రైవర్ సైడు అని, ఇంకోదాని మీద క్లీనర్ సైడు అని రాసింది. ఆ మాటలు చూసి కడుపు మండింది. అప్పుడు ఎల్, ఆర్ బదులు ఇట్లా రాసి పంపి ఉంటే లోకంలో ఎవడూ తప్పు చేసేవాడు కాదు. లారీ డ్రైవర్లకున్న తెలివి ఆ దేశం కంపెనీకి లేకపోయింది.

వచ్చేముందు ఆమె ఇంకో జత కొంగలు కత్తిరించి చుట్టలో పెట్టింది. ఎందుకన్నాను. అంటించేటప్పుడు ఒకటి చెడిపోతాది తాతా, అందరికీ పోతాది అంది. నా చెయ్యి చెడగొట్టే చెయ్యి కాదమ్మా అన్నాను. ఆమె నా చెయ్యి వైపు చూసింది. అది బల్ల మీద వణుకుతోంది. చుట్టకు రబ్బరు బ్యాండు వేసి ఇచ్చింది. ఆమె మంచిదే.

మూడు రోజుల్లో అంటించడం అయిపోయింది. సబ్బునీళ్లు చల్లి, మధ్యలోంచి అంచులకు గుడ్డతో తోసుకుంటూ పోవాలి. నీలం గీత బండి చుట్టూ తిరిగి వచ్చింది. వెనక తల్లీ బిడ్డల బండి అన్న అక్షరాలు నేను పక్కన కూర్చుని చెబితే, నా పాత రాత లెక్కనే కత్తిరించి ఇచ్చింది కొట్టు ఆమె. చివరికి కొంగలు. డ్రైవర్ సైడు డ్రైవర్ సైడే, క్లీనర్ సైడు క్లీనర్ సైడే. దూరంగా పోయి నిలబడి చూశాను. బండి కదలకుండా నిలబడి ఉన్నా ముందుకు పోతున్నట్టుంది. రివర్సు కొంగ అన్న డ్రైవరు ఎప్పుడో పోయాడు. లేకపోతే పిలిచి చూపించేవాణ్ణి.

ఆ ఆదివారం పొద్దున రైతు కారు పంపి అక్కను తెప్పించాడు. ఆమె చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుంది. తోటలో మంచం వేసి, బండికి పది అడుగుల దూరంలో కూర్చోబెట్టాం. ఆమె తల ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకు నెమ్మదిగా తిప్పుతూ చూసింది. ఆమె అట్లాగే చూడాలి, గొట్టంలోకి ఒక్కొక్క ముక్కా తెచ్చుకోవాలి. తలుపు చూసింది. మెట్టు చూసింది. మీగడ రంగు బాగుంది అబ్బీ అంది. లేచి నా మోచెయ్యి పట్టుకుని వెనకకు నడిచి అక్షరాలు ఒక్కొక్కటే పెదవులతో చదివింది. ఆమె కళ్లు తుడుచుకుంటే నేను చెట్ల వైపు చూశాను.

తర్వాత గీత వెంట వేలు పెట్టుకుని పక్కకు తిరిగింది. బండి వెనక మూల నుంచి లెక్కపెట్టినట్టు మూడు అడుగులు వేసి, చెయ్యి పైకెత్తి రేకు మీద ఒక చోట పెట్టింది. తడిమింది. ముఖం దగ్గరగా పెట్టి చూసింది. మళ్లీ తడిమింది.

"అబ్బీ, ఇది ఎవురి కొంగ?"

"మనదే అక్కా."

"మనది కాదు. ఈడ తోక ఉండాది. ఈడ ముక్కు గదా ఉండాల్సింది."

దిద్దించానని చెప్పాను. కొంచెం గొప్పగానే చెప్పాను. అప్పుడు ఎడమ కుడి తెలియక తప్పు చేశాను, ఇప్పుడు సరిచేశాను, ఇంక ఎవరూ నవ్వరు అన్నాను. అక్క చెయ్యి తోక మీదే ఉంది. ఆ తోక అంచు వెంట వేలు ముందుకూ వెనక్కీ జరిపింది. నాకు భయమేసింది. ఆమెకు కోపమొస్తే తిట్లే వస్తాయి, ఇట్లా వేలు తిప్పడం కాదు.

మంచం మీదికి తెచ్చి కూర్చోబెట్టాక ఆమె చెప్పింది. నేను అన్నీ గుర్తుంటాయని చెప్పుకునేవాణ్ణి. ఆ బండి పక్కనే రెండేళ్లు ఉండి నాకు తెలియని సంగతి అది.

నొప్పులతో ఉన్న ఆడమనిషిని బండి ఎక్కించేటప్పుడు మగవాళ్లెవరూ దగ్గరుండకూడదు. ఏ ఊళ్లోనైనా అదే పద్ధతి. మమ్మల్ని జీపుకు అవతల నిలబెట్టేవాళ్లు. అందుకని నేను ఎప్పుడూ చూడలేదు. ఇల్లు వదిలి ఆస్పత్రికి పోవడమంటే అప్పట్లో ఆడవాళ్లకు తిరిగి వస్తామో రామో అన్న మాటే. ఏ ఊళ్లో ఎవరు మొదలుపెట్టారో అక్కకు తెలియదు. బండి ముందుకు పోతుంటే కొంగ మాత్రం వెనక్కి పోవడం చూసి, మనం ఆస్పత్రికి పోతున్నాం, ఇది మాత్రం మన ఇంటికి పోతోంది అనుకున్నారు. మెట్టు ఎక్కేముందు ఆ మనిషి బండి పక్కకు వచ్చి కొంగ ముక్కు పట్టుకునేది. నేను వస్తాండానని ఇంట్లో చెప్పు అనేది. అత్త వచ్చి పట్టుకునేది, తల్లి వచ్చి పట్టుకునేది. వంట చేస్తూ చేస్తూ పరుగెత్తుకొచ్చిన చేతులు, వాటికి పసుపు ఉండేది. ఏ దేవుణ్ణి మొక్కేవాళ్లయినా కొంగను మాత్రం అందరూ ముట్టుకునేవాళ్లు. ఇదేం మూఢనమ్మకమని మొదట్లో అక్కే కసురుకుందట. తర్వాత, అది ముట్టుకున్న మనిషి భయం తగ్గి చెప్పినట్టు వింటోందని చూసి ఊరుకుంది.

నేను ప్రతి సాయంత్రం తిట్టుకుంటూ తుడిచింది ఆ చేతుల్ని.

"నీ పెండ్లాం గూడా పట్టుకుండె" అంది అక్క.

నా భార్య పుట్టిల్లు చక్రాయపేట దగ్గర పల్లె. మొదటి కాన్పుకు పుట్టింటికి పోయింది. రెండు రోజులు నొప్పులు పడితే అక్క బండిలో వేసుకుని ఆస్పత్రికి తెచ్చింది. ప్రొద్దుటూరులో నాకు కబురు అందేసరికి ఆడపిల్ల పుట్టింది. నాకు తెలిసింది అంతవరకే.

"లేవలేని మనిషి, నా భుజమ్మీద చెయ్యేసుకోని బండి సుట్టు వచ్చె. కొంగ ముక్కు పట్టుకోని నవ్వె. మీ తమ్ముడి తప్పే నన్ను ఇంటికి తెస్తాది వదినా, అనె. అంత నొప్పిలో నవ్వె అబ్బీ."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"ఎవురు చెప్తారు నీకు? కొంగ మాటెత్తితే కంచం తోసేసి లేస్తాంటివి. ఆయమ్మి ఒకసారి చెప్పబోతే, ఆ బండి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని అరిచినావంట. ఊరుకుండె."

నాకు గుర్తొచ్చింది. పిల్లకు మూడో నెల. నా భార్య అన్నం వడ్డిస్తూ ఆ బండి కొంగ ఉంది చూడండి అని మొదలుపెట్టింది. నన్ను ఎగతాళి చేయడానికే అనుకున్నాను. అరిచాను. ఆ తర్వాత నలభై ఏళ్లు కాపురం చేసింది, ఇంకెప్పుడూ ఎత్తలేదు. నా తప్పు ఒకరిని నవ్వుతూ ఇంటికి తెచ్చిందని తెలియకుండానే నేను నలభై ఏళ్లు ఆ తప్పు మీద కోపంగా బతికాను. నన్ను నవ్వించగలిగిన ఒక్క మాటను ఆమె నోట్లోనే ఆపించాను.

అక్క ఎక్కువసేపు నన్ను అట్లా వదల్లేదు. ఆమె అట్లా వదిలే మనిషి కాదు. ఆ చుట్టలో ఇంకో జత ఉండాదే, తే అంది. ఉందని నేను చెప్పలేదు. మంచం పక్కన మందు బస్తా మీద నేను పెట్టిన చుట్టను ఆమే తడిమి పట్టుకుంది.

రైతు కెటిల్లో వేడినీళ్లు తెచ్చాడు. ఎండకు రేకు అప్పటికే కాలుతోంది, వేడినీళ్లు పడేసరికి కొత్త కొంగలు అంచుల దగ్గర లేచి వచ్చాయి. తొక్క ఒలిచినట్టు నెమ్మదిగా ఒలిచాను. జిగురు గోకి తుడిచాను. తర్వాత బండి ముందుకు, కొక్కెం దగ్గరకు పోయి నిలబడ్డాను, పంతొమ్మిదేళ్లప్పుడు నిలబడ్డ చోటే, బండికి ఎదురుగా. ఈసారి నాకు తెలుసు ఏ పక్క ఏ పక్కో. డ్రైవర్ సైడు అని రాసి ఉన్నదాన్ని క్లీనర్ సైడుకు, క్లీనర్ సైడును డ్రైవర్ సైడుకు తీసుకుపోయాను. మీట నొక్కిన ఆమె చూస్తే, ఇంత రాసిచ్చినా ఈ ముసలాయన తిప్పి పెట్టినాడే అని తల పట్టుకునేది.

చెయ్యి వణికింది. ఒక రెక్క కింద చిన్న బుడగ మిగిలిపోయింది. రైతు సూదితో పొడుద్దాం మామా అన్నాడు. ఉండనీ అన్నాను.

అక్కను మళ్లీ తీసుకొచ్చాను. వెనక మూల నుంచి మూడు అడుగులు వేసింది. చెయ్యెత్తింది. ముఖం దగ్గరగా పెట్టి, తల కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పి, ఆ గొట్టంలోకి దాన్ని తెచ్చుకుంది.

"కనపడతాండాది" అంది. "వంపు గూడా."

చెయ్యి తీయలేదు. నేను ఆమె వెనక నిలబడి ఉన్నాను, ఆమె పడకుండా. ఆమె ఏమి చూస్తోందో నాకు తెలియదు. వేలమంది ఆడవాళ్లను చూసి ఉంటుంది. నేను ఒకర్నే చూశాను.

రైతు భార్య మాకు అన్నాలు తెచ్చింది. గిన్నె కింద పెట్టి బండి వైపు చూసి ఆగిపోయింది. ఇదేనా పెద్దమ్మా, మా అత్త చెప్పేది అని అక్కను అడిగింది. ఇసుకలో బండి దిగబడ్డప్పుడు మా అత్త దీన్నే పట్టుకుని కూర్చుండెనంట అంది. అక్క తలూపింది. రైతు భార్య కొంగు నడుముకు దోపుకుని దగ్గరకు పోయి, ముక్కు మీద రెండు వేళ్లు పెట్టి తీసింది. వంట చేసి వచ్చిన చెయ్యి. కొత్త నీలం మీద పసుపు మరక రెండు వేళ్ల వెడల్పున పడింది.

జిగురు తుడిచిన తడిగుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది. నా చెయ్యి అలవాటుగా లేచింది కూడా. గుడ్డను పిండి, చీనీ కొమ్మకు ఆరేసి, అన్నానికి కూర్చున్నాను.